అత్తగారు చూడని ముఖం

అత్తగారు గదిలోకి వచ్చిందని అల్లుడు కిటికీలోంచి దూకాడు. కాలు బెణికింది. ఆ గది ఆఫీసరమ్మ అదంతా చూసి, వీడికి మతి స్థిమితం లేదు, ముసలమ్మకి మనసు లేదు, వీళ్ళ చేతుల్లో పసిపిల్ల బతకదు అని తేల్చేసింది. ఏ కాలేజీలో చదివిందో తెలీదు గానీ, ఆ కాలేజీకి ఓ దండం. ఇన్నేళ్ళైనా ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మండుతూ ఉండగానే చెప్పేస్తాను, చల్లారితే అబద్ధాలు కలుస్తాయి.

నేను వసంతకుమారిని, మాది బాపట్ల. నర్సు ఉద్యోగం మీద డెబ్భై తొమ్మిదిలో అమెరికా వచ్చాను. మావారు ఏసుపాదం, ల్యాబ్ టెక్నీషియన్. మాకు పని దొరికిన ఆసుపత్రి న్యూ మెక్సికోలో, నవాహో తెగవాళ్ళ నేలకి ఆనుకుని ఉన్న చిన్న ఊళ్ళో. ఊరి పేరు, ఆసుపత్రి పేరు చెప్పను. ఆ ఊరి కొట్లన్నీ నవాహోల డబ్బుతోనే నడిచేవి. ఆ కొట్లలోనే వాళ్ళు అడుగుపెడితే దొంగల్ని చూసినట్టు చూసేవాళ్ళు. నన్ను కూడా అలాగే చూసేవాళ్ళు లెండి, నేను నోరు తెరిచేదాకా.

ఎనభై నాలుగు చలికాలంలో ఐడా మెనీగోట్స్ మా పిల్లల వార్డుకి వచ్చింది. పొట్టి మనిషి. ముదురు ఎరుపు వెల్వెట్ జాకెట్టు, కాళ్ళకి రబ్బరు బూట్లు, భుజాల మీద ఉన్ని శాలువా. గొర్రెలు మేపుతుంది, మగ్గం మీద కంబళ్ళు నేస్తుంది. కాన్పయ్యాక రక్తం ఆగక కూతురు చనిపోయింది. నెల తక్కువ పుట్టిన మనవరాలు మా అద్దాల గదిలో ఉంది. ఆ కూతురి పేరు నాకు తెలుసు, రాయను. పోయినవాళ్ళ పేరు పలికి వాళ్ళని వెనక్కి పిలవకూడదని వాళ్ళ నమ్మకం. తల్లే పలకని పేరు నేను రాయడం ఏం మర్యాద?

ఐడా అనేది కూడా ఆవిడకి తల్లి పెట్టిన పేరు కాదు. చిన్నప్పుడు గొర్రెల దగ్గర ఆడుకుంటుంటే గవర్నమెంటు బడివాళ్ళు వచ్చి ట్రక్కులో ఎక్కించుకుపోయారట. జుట్టు కత్తిరించి, ఆ పేరు తగిలించి, సొంత భాష మాట్లాడితే సబ్బుతో నోరు కడిగారట. ఇది నాకు పాలసీసా వేడి చేస్తూ చెప్పింది, నిన్న సంతకెళ్ళొచ్చానన్నట్టు.

మొదటి రోజే నన్ను అడిగింది, "నువ్వు ఎవరి పిల్లవి? ఏ వంశం?"

మా ఇంటిపేరు కంతేటి అన్నాను.

"అది మీ అమ్మదా?"

"కాదు, మా నాన్నది."

"అయ్యో," అంది. నాకు తల్లి లేదని చెప్పినంతగా జాలిపడింది. వాళ్ళలో వంశం తల్లి వైపు నుంచి వస్తుంది. ఆవిడది చేదునీళ్ళ వంశం. కాబట్టి కూతురిది చేదునీళ్ళు, అద్దాల గదిలో ఉన్న పిల్లదీ చేదునీళ్ళే. పెళ్ళయ్యాక మగవాడే అత్తగారి ఊరు వెళ్ళి, ఆవిడ ఇంటికి కాస్త దూరంలో కాపురం పెడతాడు.

అల్లుడి పేరు విల్సన్. ఎర్రిల్లు వంశం. రైలు పట్టాలు వేసే ముఠాలో పని, నెలల తరబడి కాన్సస్‌లో ఉండేవాడు. భార్య పోయిన కబురు అందేసరికి అక్కడ మంచులో పట్టాలు బిగిస్తున్నాడట. అతను వార్డుకి మొదటిసారి వచ్చినప్పుడు ఐడా పిల్లకి పాలు పడుతోంది. తలుపు దగ్గర బూట్ల చప్పుడు వినగానే పిల్లనీ సీసానీ నా చేతుల్లో పెట్టి, శాలువా తలమీదకి లాక్కుని వెనక తలుపులోంచి వెళ్ళిపోయింది. మర్నాడు ఆవిడ ముందు తలుపు దగ్గరికి వచ్చేసరికి అతను గోడవైపు తిరిగి, అలాగే పక్కకి నడుచుకుంటూ బయటికి పోయాడు.

"ఇద్దరికీ గొడవా అమ్మా?" అన్నాను.

ఐడా నవ్వింది. ఆ చలికాలంలో ఆవిడ నవ్వడం అదొక్కసారే చూశాను. "గొడవేమిటి? గౌరవం. అల్లుడి ముఖం అత్త చూడకూడదు. అత్త ముఖం అల్లుడు చూడకూడదు. చూస్తే కళ్ళు పోతాయి."

నాకు అంతకన్నా వివరం అక్కర్లేకపోయింది. మా నాయనమ్మ తాతయ్య పేరు చచ్చినా పలికేది కాదు. ఆయన పేరు పేతురు. క్రైస్తవుల ఇంట్లో అది ఎంత కష్టమో ఆలోచించండి! గుడిలో వాక్యం చదవమంటే, "మా ఇంటాయన పేరుగలాయన నీళ్ళమీద నడిచాడు" అని చదివేది. ఒక్కరూ నవ్వేవాళ్ళు కాదు. మా నాయనమ్మకి తాతయ్యంటే కిట్టదని ఎవరైనా అంటే, చీపురు పుచ్చుకునేది.

ఆ రోజు నుంచి వాళ్ళిద్దరి మధ్య కాపలా నేనే. లోపల ఒకరుండగా రెండోవారు వస్తే నా ఉంగరంతో అద్దం మీద టకటకా కొట్టేదాన్ని. విల్సన్ పెద్దగా మాట్లాడడు. వెళ్ళేముందు మాత్రం తలవంచుకుని, "ఆవిడ దగ్గర కట్టెలున్నాయో లేదో కనుక్కోండి" అనేవాడు. ఉన్నాయని నేను కనుక్కుని చెప్పేదాకా కదిలేవాడు కాదు.

ఇక ఆ ఆఫీసరమ్మ, మిసెస్ ప్రాట్. ఊళ్ళో పిల్లల సంక్షేమం చూసే ఆఫీసులో పని. చేతికి తెల్ల గడియారం, నోటికి తేనె. ఒకరొస్తే ఒకరు పారిపోవడం ఆవిడ కంట పడింది. తండ్రి, అమ్మమ్మ బద్ధశత్రువులని రాసుకుంది. అమ్మమ్మ కూతురి పేరు కూడా తలవదు కాబట్టి ప్రేమ లేదని రాసుకుంది. నేను ఊరుకోలేక వెళ్ళి అంతా విడమరిచి చెప్పాను. ఆవిడ నా చేతి మీద తట్టి ఏమందో తెలుసా? "మీ దేశంలోనూ ఆడవాళ్ళని ఇలాగే అణిచిపెడతారు కదా, పాపం. అందుకే నీకు ఇది మామూలుగా కనిపిస్తోంది."

ఆ చెయ్యి ఇప్పటికీ కడుక్కోవాలనిపిస్తుంది.

తర్వాత ఒకరోజు విల్సన్ని తన ఆఫీసుకి పిలిచి కూర్చోబెట్టింది. ఐడా కూడా వస్తోందని చెప్పలేదు. ఆవిడని లోపలికి తెచ్చి తలుపు మూసి, "ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోండి" అంది. తలుపుకి అడ్డంగా తనే నిలబడింది. అప్పుడే విల్సన్ కిటికీలోంచి దూకింది. ఐడా శాలువా ముఖం మీదకి లాక్కుని గోడకి తిరిగి నిలబడిపోయింది. ఎన్ని ప్రశ్నలు వేసినా నోరు విప్పలేదు. అల్లుడికి దెబ్బ తగిలిందేమోనన్న దిగులుతో ప్రశ్నలే వినపడలేదని నాతో తర్వాత అంది.

పిల్ల కోసం ఫీనిక్స్‌లో ఒక తెల్ల దంపతులు సిద్ధంగా ఉన్నారట. గులాబీరంగు ఉయ్యాల కూడా కొనేశారని మిసెస్ ప్రాట్ మా నర్సుల గదికొచ్చి మురిసిపోతూ చెప్పింది. "తండ్రి సరేనన్నాడు కూడా" అంది.

ఆ మాటకి నా కోపం విల్సన్ మీదకి తిరిగింది. వరండాలో కుంటుతూ వస్తుంటే పట్టుకుని, "సరే అన్నావా?" అని అరిచాను. తల ఊపాడు. ఎందుకన్నావంటే నేలచూపులు చూశాడు. నాలుగు చీవాట్లు పెట్టాను, తెలుగులోనే. ఇంగ్లీషులో నాకు అంత బాగా తిట్టడం రాదు.

ఐడాకి నేనే చెప్పాల్సొచ్చింది. చాలాసేపు అద్దంలోంచి పిల్లనే చూసింది. "నన్ను ట్రక్కులో తీసుకెళ్ళినప్పుడు మా అమ్మ వెనక పరిగెత్తింది. అప్పుడు ఆవిడ వెళ్ళి అడగడానికి ఏ గుమ్మమూ లేదు. ఇప్పుడుంది" అంది. శాలువా సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆ గుమ్మం వాళ్ళ కోర్టుదే. తెగ పిల్లల సంగతి తెగ కోర్టే తేల్చాలని అప్పటికి కొన్నేళ్ళ ముందే చట్టం వచ్చింది. వాళ్ళ ఊరి సభని చాప్టర్ అంటారు, ఈ సంగతి ఆ సభలో చెబితే ఐడా విందట. అటుగా పోయే ట్రక్కులు ఆపి ఎక్కుతూ దిగుతూ ఆ కోర్టుకి వెళ్ళి, జడ్జి ఎదుట నిలబడింది. ఆ జడ్జీ నవాహోయే. పిల్లని ఎక్కడికీ పంపొద్దన్నాడు. ముందు రెండు వంశాలవాళ్ళూ చాప్టర్ హౌస్‌లో శాంతిపెద్ద ఎదుట కూర్చుని మాట్లాడుకోవాలి, పిల్లని అక్కడికి తేవాలి, సంక్షేమం ఆవిడా రావాలి అన్నాడు. తరతరాల నుంచీ ఉన్న పద్ధతే అది. తగువు వస్తే అందరూ నమ్మే పెద్దమనిషి ఎదుట చుట్టాలంతా కూర్చుని, మాటలన్నీ అయిపోయేదాకా మాట్లాడుకోవడం. తెల్లవాళ్ళ కోర్టులొచ్చి దాన్ని మూలన పడేస్తే, తెగవాళ్ళే అప్పటికి రెండేళ్ళ ముందు దానికి మళ్ళీ కోర్టులో చోటిచ్చారు.

ఈ కబురు విని నేను సంతోషపడ్డాననుకుంటున్నారా? నాకు కడుపు మండింది. పెద్దమనుషుల రాజీలు నేను చూడనివా? మా లూసీ పిన్నిని మొగుడు చెయ్యి విరగ్గొడితే సంఘపెద్దలొచ్చి, టీ తాగి, ప్రార్థన చేసి, "సర్దుకుపో తల్లీ" అని అదే కొంపకి పంపించారు. రాజీ అంటే బలహీనుల నోరు నొక్కడమనే నా లెక్క. ఇక్కడా ముసలమ్మనే నొక్కేస్తారనుకున్నాను. అందుకే వెళ్ళి తీరాలనుకున్నాను.

మా సూపర్‌వైజర్ వద్దంది. ఆసుపత్రివాళ్ళు ఇలాంటివాటిలో తలదూర్చకూడదట.

"గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది వసంతా," అన్నారు మావారు. "జాబ్ పోతే ఏం చేద్దాం? మనకెందుకు చెప్పు?"

"లూసీ పిన్ని విషయంలో కూడా అందరూ మనకెందుకనే అన్నారండీ. కార్ స్టార్ట్ చెయ్యండి."

మారుమాట్లాడకుండా డ్రైవ్ చేశారు. దారంతా గొణిగారు, అది వేరే సంగతి.

చాప్టర్ హౌస్ అంటే ఒక పెద్ద హాలు, మధ్యలో ఇనప పొయ్యి, ఇనప కుర్చీలు. హాలుని రెండుగా చీలుస్తూ తాడు కట్టి, దాని మీద ఒక కంబళి వేలాడదీశారు. ఐడా నేసిందే, ఎర్ర గీతలది. ఒకవైపు చేదునీళ్ళవాళ్ళు, ఇంకోవైపు ఎర్రిల్లువాళ్ళు. కంబళి చివర, రెండు వైపులూ కనిపించేచోట శాంతిపెద్ద క్లారెన్స్ బిట్సిలీ కూర్చున్నాడు. రైల్వేలో పని చేసి రిటైరైన ముసలాయన. ఆయన పక్కన కుర్చీలో మిసెస్ ప్రాట్, ఒళ్ళో పిల్ల. పిల్లకి గులాబీరంగు టోపీ. ఆ టోపీ ఎవరు కొన్నారో నాకు తెలుసు. చూడగానే నా పళ్ళు పటపటలాడాయి.

క్లారెన్స్ మొక్కజొన్న పుప్పొడి చల్లి ప్రార్థన చేశాడు. ప్రతివాళ్ళూ లేచి తల్లిది ఏ వంశమో, తండ్రిది ఏ వంశమో చెప్పారు. నా వంతొస్తే మా అమ్మ పుట్టింటిపేరు కూడా చెప్పాను. ఐడా తల ఊపింది.

మిసెస్ ప్రాట్ మాట్లాడింది. నీళ్ళ కుళాయి లేదు, కరెంటు లేదు, తండ్రికి నిలకడ లేదు, ఇద్దరికీ పడదు. ఆ దంపతులు ఎంత మంచివాళ్ళో చెప్పింది.

తర్వాత నేను లేచాను. చూసింది చూసినట్టు చెప్పాను. చెబుతూ చెబుతూ గొంతు పెరిగింది. విల్సన్ని కూడా వదల్లేదు. "భార్య పోయిన దుఃఖం నీకొక్కడికేనా? ఆవిడ కన్నకూతురు కాదా? పిల్లనివ్వడానికి నువ్వెవరు?" అన్నాను. ఎవరైనా కూర్చోమంటారని చూశాను. ఒక్కరూ అనలేదు.

"ఇంకా ఉందా చెల్లెమ్మా?" అన్నాడు క్లారెన్స్.

ఉందన్నాను. మిగిలింది కూడా చెప్పి కూర్చున్నాను.

అప్పుడాయన విల్సన్ వైపు తిరిగాడు. నాకు అర్థమవాలని కాబోలు, వాళ్ళ భాషలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెప్పాడు. సర్దుకుపొమ్మని ఎవరితోనూ అనలేదు. మొహమాటం లేకుండా దులిపేశాడు. "ఈ పిల్ల చేదునీళ్ళ పిల్ల. నీకు పుట్టింది గానీ నీ సొత్తు కాదు. చేదునీళ్ళవాళ్ళని ఒక్కమాట అడక్కుండా పరాయివాళ్ళకి సరేనన్నావు. మీ అమ్మ బతికుంటే సిగ్గుతో చచ్చిపోయేది. ఎందుకన్నావు? చెప్పేదాకా ఇక్కడే కూర్చుంటాం. పొయ్యిలోకి కావలసినన్ని కట్టెలున్నాయి."

కూర్చున్నాం. మిసెస్ ప్రాట్ రెండుసార్లు గడియారం చూసుకుంది.

చాలాసేపటికి విల్సన్ గొంతు వినిపించింది. "నేను కాన్సస్‌లో ఉన్నాను. ఆమెకి రక్తం పోతుంటే పక్కన లేను. ట్రక్కు కూడా నా దగ్గరే ఉండిపోయింది. పక్క లోయవాళ్ళ ట్రక్కు తెచ్చి ఆసుపత్రికి చేర్చేసరికి ఆలస్యమైపోయింది." ఆగాడు. "ఆవిడకి నా మీద కోపం ఉంటుంది. పిల్లకి నా ముఖం వచ్చింది. అందరూ అదే అంటున్నారు. రోజూ ఆ ముఖం చూస్తూ ఎలా పెంచుతుంది? నేను అడగలేను కదా. అందుకే సరేనన్నాను."

కంబళి అవతల ఏడుస్తున్నాడని చప్పుడు బట్టి తెలుస్తోంది. నా నోట్లో తయారుగా ఉన్న తిట్లన్నీ అక్కడే ఉండిపోయాయి.

నా పక్కన ఐడా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. క్లారెన్స్‌తో అంది, "అతనికి చెప్పు." గట్టిగానే అంది, హాలంతా వినపడేట్టు. మా వరసలో వెనక కూర్చున్న అమ్మాయి నా చెవిలో ఇంగ్లీషు చేస్తూ వచ్చింది.

"కోపం ఉందని చెప్పు. నన్ను అడక్కుండా ఇస్తానన్నందుకు ఉంది. కాన్సస్ వెళ్ళినందుకు లేదు. ఇక్కడ పని ఉంటే ఎవరైనా కాన్సస్ వెళ్తారా? మా అమ్మాయి పెళ్ళైన దగ్గర్నుంచి పొద్దున నేను తలుపు తీసేసరికి గుమ్మం పక్కన కట్టెలు చీల్చి పేర్చి ఉండేవి. పేర్చినవాడిని ఎప్పుడూ చూడలేదు. ఎలాంటివాడో ఆ కట్టెల్ని చూసి తెలుసుకున్నాను. పిల్లకి అతని ముఖం వచ్చిందని అందరూ అంటున్నారు. వచ్చిందో లేదో నాకెలా తెలుస్తుంది? నేనెప్పుడైనా చూశానా? అద్దంలోంచి పిల్లని మొదటిసారి చూసినప్పుడు, ఈ ముక్కు మాది కాదు, ఈ నుదురు మాది కాదు, అయితే ఇతనే అనుకున్నాను. మా అమ్మాయి ఎవర్ని చూసి నవ్వుకునేదో అప్పుడు చూశాను. నేను చూడదగ్గ అతని ముఖం అదొక్కటే. దాన్ని తీసుకెళ్ళి ఫీనిక్స్‌లో ఇచ్చేస్తానన్నాడని చెప్పు."

క్లారెన్స్ ఆ మాటలు ఇంగ్లీషులోనూ చెప్పాడు. మా పక్క ఆడవాళ్ళు శాలువాలతో కళ్ళు తుడుచుకున్నారు. తలుపు దగ్గర నిలబడిన మావారు కూడా.

మిసెస్ ప్రాట్ గొంతు సవరించుకుంది. "చాలా కదిలించింది. మరి ఇంత ప్రేమ ఉన్నప్పుడు ఆ తెర తీసేయవచ్చు కదా? ఇద్దరూ ఒక గదిలో ఉండగలరని నేను చూడాలి."

క్లారెన్స్ లేచి నిలబడ్డాడు. ఆయన గొంతు పెంచడం అదే మొదలు. "అమ్మా, వాళ్ళు పొద్దుట్నుంచీ ఒకే గదిలో ఉన్నారు. మీ గదిలోనే ఉండలేకపోయారు. పిల్లని ఇలా ఇవ్వండి."

ఆవిడ ఇవ్వలేదు. ఒక్క క్షణం టోపీతో సహా గుండెకి హత్తుకుంది. లాక్కుందామా అని నేను లేచాను కూడా. క్లారెన్స్ చేతులు చాచి అలాగే నిలబడ్డాడు. చివరికి ఇచ్చింది.

ఆయన పిల్లని విల్సన్‌కి ఇచ్చాడు. విల్సన్ మోకాళ్ళ మీద కూర్చుని కంబళి అంచు కిందనుంచి పిల్లని ఇటు జరిపాడు. నల్లటి చేతులు, పగిలిన గోళ్ళు. ఐడా ఆ చేతుల్ని చూడకుండా తల తిప్పుకుని పిల్లని అందుకుంది. ముందు ఆ గులాబీ టోపీ తీసి పక్కన పెట్టింది.

అమ్మమ్మ పెంచుతుంది, తండ్రి కట్టెలూ మాంసమూ తెచ్చిపెడతాడు, కాన్సస్ మానేసి దగ్గర్లో పని చూసుకుంటాడు అని అక్కడ అనుకున్నది జడ్జి ఒప్పుకున్నాడు. మిసెస్ ప్రాట్ మాత్రం తనకి ఇంకా అనుమానాలున్నాయనే రాసింది. ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. ఫీనిక్స్‌లో ఆ ఉయ్యాల ఖాళీగా కూడా ఉండలేదు. మరుసటి వేసవిలో అందులోకి ఇంకో నల్లజుట్టు పిల్ల చేరిందని మా నర్సుల గదిలో స్వీట్లు పంచారు. ఆ పిల్ల తరఫున గుమ్మం వెతుక్కుంటూ వెళ్ళిన ముసలమ్మ ఎవరూ లేరు కాబోలు. నేను ఆ స్వీటు చెత్తబుట్టలో పారేశాను. అంతకన్నా ఏం చేయాలో నాకు తెలియలేదు, ఆ కోపం ఇంకా ఎక్కడా దిగలేదు.

మేము షాంటిలీ అనే ఊరికి మారడానికి ముందు, ఎనభై తొమ్మిదిలో, ఐడా మళ్ళీ మా ఆసుపత్రికి వచ్చింది. షుగరు జబ్బుతో రెండు కళ్ళూ పోయాయి. గౌను వేసుకున్న మనవరాలు చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. ఎర్రిల్లువాళ్ళ ముక్కు, వెడల్పు నుదురు. కిటికీలోంచి దూకిననాటి కుంటు ఇంకా పోని విల్సన్ బూట్ల చప్పుడు వరండా చివర వినపడగానే ఐడా శాలువా తలమీదకి లాక్కుని గోడకి తిరిగింది.

కొత్తగా చేరిన డాక్టరు నవ్వాడు. "ఇంకా ఎందుకమ్మా? మీకు చూపు లేదుగా. ఇప్పుడు కూర్చుని మాట్లాడొచ్చు."

ఐడా శాలువాలోంచే నన్ను పిలిచింది. "ఈ అబ్బాయికి చెప్పమ్మా," అంది. "నాకు కళ్ళు లేవు సరే. అల్లుడికి ఉన్నాయిగా. వాటికేమైనా అయితే, ఈ పిల్లని రేపు ఎవరు చూస్తారు?"

నేను ఉంగరంతో అద్దం మీద టకటకా కొట్టాను. వరండాలో బూట్ల చప్పుడు ఆగిపోయింది.